రెండర్ చేసిన ఏరేటర్ చెరువులో ఉన్నట్టు కనిపించాలంటే

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను, బొమ్మ కూడా పెద్దది చేసి చూశాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం విషయం రెండు ముక్కల్లో చెబుతాను. కావలిలో ఒక డీలర్‌కి బ్రోషరూ, హైవే పక్కన పెట్టే ఫ్లెక్సీ చేస్తున్నావు. రెండు హెచ్‌పీ, నాలుగు చక్రాల ఏరేటర్‌ని, అంటే చెరువు నీళ్ళని చిలికి ఆక్సిజన్ కలిపే యంత్రాన్ని, బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాంలో మోడల్ చేసి, బొమ్మగా తీశావు (దీన్నే రెండర్ అంటాం). డీలర్ వాట్సాప్‌లో పంపిన రొయ్యల చెరువు ఫోటో మీద దాన్ని ఫోటోషాప్‌లో పెట్టి, కింద మెత్తటి నల్ల నీడ, నీళ్ళలో తిరగేసిన ప్రతిబింబం వేశావు. డీలర్ చూసి "అతికించినట్టుంది" అన్నాడు. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు, ఏదైనా ప్లగిన్ కొనాలా, లేక ఏఐతో చేయించాలా అని అడిగావు.

మోడల్‌లో తప్పేమీ లేదు. బేరింగులు, గేర్‌బాక్స్ మూత, చక్రం రెక్కల చిల్లులు, అన్నీ శ్రద్ధగా చేశావు. ప్లగిన్‌కి డబ్బు పెట్టొద్దు. నీ ఏరేటర్ మీద పడిన వెలుగు ఒక ఆకాశానిది, చెరువు మీద పడిన వెలుగు ఇంకో ఆకాశానిది. ఏరేటర్‌ని చూసిన కెమెరా ఒక ఎత్తులో ఉంది, చెరువుని చూసిన ఫోన్ ఇంకో ఎత్తులో ఉంది. ఇవి కుదరనప్పుడు నీడ ఎంత మెత్తగా వేసినా చూసేవాడి కన్ను ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో అతను చెప్పలేడు, అతికించినట్టుంది అని మాత్రం అంటాడు.

నాకు ఈ సంగతి నేర్పింది ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతు. అప్పటికి నేను ఒంగోలులో గ్రానైట్ కేటలాగులు చేస్తున్నాను, ఏరేటర్ పని అదే మొదలు. ప్రింటుకి పంపే ముందు ప్రూఫ్ తీసుకుని డీలర్ షాపులో కూర్చున్నాను. మేత బస్తాల కోసం వచ్చిన ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "ఏందబ్బాయ్ ఇది, నీళ్ళ మింద పెట్టినట్టుండాది గానీ నీళ్ళలో ఉన్నట్టు లేదే" అన్నాడు. నూటికి నూరుపాళ్ళు నిజం. నా బొమ్మలో తేలే డబ్బాల అడుగు సరిగ్గా నీటి గీత మీద ఉంది. నిజం ఏరేటర్‌లో మోటారు, గేర్‌బాక్స్, ఫ్రేమ్ బరువంతా ఆ డబ్బాల మీదే ఉంటుంది కాబట్టి అవి కొంత మునిగే ఉంటాయి. బరువు ఎక్కువున్న వైపు ఇంకాస్త దిగుతాయి. నేను చెరువు చూడకుండా చెరువు బొమ్మ చేశాను. ప్రింటు ఆపించి మర్నాడే ఆయన చెరువుకి వెళ్ళాను. అప్పట్నుంచి నా పనిలో సగం గట్టు మీదే జరుగుతుంది.

అందుకని ముందు ఆ వాట్సాప్ ఫోటోని పక్కన పెట్టు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిన్నదైపోతుంది, చెట్ల అంచుల్లో గళ్ళుగళ్ళుగా మచ్చలు వస్తాయి, ఏ లెన్స్‌తో ఏ టైంకి తీశారనే వివరాలు కూడా పోతాయి. ఏ4 బ్రోషర్ పేజీ నిండా 300 డీపీఐ కావాలంటే 2480 బై 3508 పిక్సెల్స్ ఉండాలి. డీలర్ ఫోటోయే వాడక తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపమను, అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కానీ కావలి నుంచి సముద్రం వైపు బండి తిప్పితే దారి పొడుగునా చెరువులే కదా. నువ్వే వెళ్ళు.

వెళ్ళేటప్పుడు హార్డ్‌వేర్ షాపులో రెండు వస్తువులు కొను. ఒకటి, పొలాలకు వేసే బూడిదరంగు పీవీసీ పైపు, నాలుగంగుళాలది, సరిగ్గా మీటరు ముక్క. బయటి కొలత 110 మిల్లీమీటర్లు ఉంటుంది. మెరుపు పోయేలా దాన్ని గరుకు కాగితంతో బాగా రుద్దు. రెండోది, మెట్ల రెయిలింగ్ స్తంభాల మీద పెట్టే స్టీలు గుండు, చుట్టూ ఉన్న వెలుగంతా అందులో కనిపిస్తుంది. టేపు ఎలాగూ ఉంటుంది. ఇంతకు మించి ఖర్చేమీ లేదు.

గట్టు మీద నిలబడి, నువ్వు బ్రోషర్‌కి వాడబోయే ఫోటో ముందు తియ్యి. కాలు కదపకుండా, జూమ్ మార్చకుండా, ఎక్స్‌పోజర్ లాక్ చేసి ఉంచి, అదే ఫ్రేములో పైపుని నిలబెట్టి ఇంకోటి తియ్యి. పైపు నీళ్ళ దగ్గరగా, ఎండ పడే చోట నిటారుగా ఉండాలి. ఈ ఒక్క ఫోటో నీకు చాలా చెబుతుంది. మీటరు ఎంత పెద్దగా కనిపిస్తుందో తెలుస్తుంది. నీడ ఎటు పడిందో, ఎంత పొడుగుందో తెలుస్తుంది. గుండ్రటి పైపు మీద వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ నీడలోకి తిరిగిందో కనిపిస్తుంది. ఎండ వైపు బూడిదరంగు కొంచెం పసుపుకి, నీడ వైపు కొంచెం నీలానికి ఎంత జరిగిందో కూడా దొరుకుతుంది. తర్వాత పైపు పెట్టిన చోటే స్టీలు గుండుని పెట్టి, ఫోన్ మాన్యువల్ మోడ్‌లో చీకటి నుంచి వెలుగు దాకా ఐదారు ఎక్స్‌పోజర్లు తియ్యి. గుండు ఫోటో కోసం దగ్గరికి వెళ్ళినా పర్వాలేదు. చివరగా నీటి మట్టం నుంచి ఫోన్ లెన్స్ దాకా ఎత్తు కొలువు. గట్టు ఎత్తు, నీ ఛాతీ ఎత్తు కలిపి ఎంతో రాసుకో. ఇంటికొచ్చాక అన్నిటికంటే పనికొచ్చే అంకె అదే.

ఇంకో మాట, ఇది బొమ్మకి సంబంధించింది కాదు గానీ తప్పక పాటించాలి. పైపు గానీ చెప్పులు గానీ ఒక చెరువు నీళ్ళలో ముంచి ఇంకో చెరువు దగ్గరికి తీసుకెళ్ళొద్దు. తెల్లమచ్చ వ్యాధి అలా కూడా పాకుతుంది. రైతు లక్షలు పోసి వేసిన పంట అది. అడిగి లోపలికి వెళ్ళు, కాళ్ళు కడుక్కోమంటే కడుక్కో, నీళ్ళలోకి మాత్రం దిగకు.

ఇక కెమెరా. నీ బొమ్మలో పెద్ద తప్పు ఇక్కడే ఉంది. ఫోటోలో అవతలి గట్టు తాటిచెట్ల మొదళ్ళు ఫ్రేములో పైనుంచి మూడో వంతు దగ్గర ఉన్నాయి. చదునైన నేల మీద దూరంగా ఉన్న ఆ గీతే దాదాపు నీ ఫోన్ మట్టం. ఫోన్ నీటికి 2.6 మీటర్ల ఎత్తులో ఉందనుకో. ఏరేటర్ మోటారు పైభాగం నీటికి 65 సెంటీమీటర్లు ఉందనుకో. 65 అంటే 2.6 మీటర్లలో నాలుగో వంతు. కాబట్టి ఏరేటర్‌ని చెరువులో దగ్గర పెట్టినా దూరం పెట్టినా, దాని నీటి గీత నుంచి ఆ మట్టం దాకా ఉన్న దూరంలో సరిగ్గా నాలుగో వంతు దగ్గర మోటారు పైభాగం రావాలి. నీ బొమ్మలో స్కేలు పెట్టి చూశాను, సగానికి పైగా వచ్చింది. అంటే రైతు కంటికి అది మామూలు ఏరేటర్‌కి రెట్టింపు యంత్రంలా కనిపిస్తోంది. పైగా మోటారు మూత పైభాగం అంతా కనిపిస్తోంది, ఎవరో డాబా మీద నుంచి చూసినట్టు.

లెన్స్ కోసం ఫోటో వివరాల్లో 35 ఎంఎం లెక్కన ఎంత అని చూడు. చాలా ఫోన్ల మెయిన్ కెమెరాకి 24, 26 అలా ఉంటుంది. బ్లెండర్‌లో సెన్సర్ వెడల్పు మామూలుగా 36 ఉంటుంది, కానీ ఈ సమాన లెక్క ఎక్కువగా డయాగనల్ మీద కడతారు. ఫోన్ ఫోటో 4:3 కాబట్టి వెడల్పు 34.6 పెడితే సరిపోతుంది. క్రాప్ చేసిన ఫోటోతో ఈ లెక్క కుదరదు, అందుకే క్రాప్ ఎప్పుడూ ఆఖర్న చెయ్యి. ఎఫ్‌స్పై అని ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది, ఫోటోలోని సమాంతర గీతల్ని పట్టుకుని కెమెరాని లెక్కగట్టి బ్లెండర్‌కి ఇస్తుంది. ఇంటి హాలు ఫోటోలకి చాలా బాగుంటుంది. చెరువు గట్లు మాత్రం వంకరగా ఉంటాయి, వాటిని నమ్మితే కెమెరా కూడా వంకరే. ఇక్కడ నువ్వు కొలిచిన ఎత్తు, లెన్స్ అంకె, మీటరు పైపు, ఈ మూడూ చాలు.

ఎండ దిక్కు కోసం బ్లెండర్‌లో సన్ పొజిషన్ అనే యాడ్-ఆన్ ఉంది. ఊరి అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైం ఇస్తే సూర్యుణ్ణి ఆ స్థానంలో పెడుతుంది. మన వైపు నీడల తీరు ఒకసారి మనసులో పెట్టుకుంటే మంచిది. కావలి దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖర్లో, మళ్ళీ ఆగస్టు రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, పైపు నీడ పైపు కిందికే పోతుంది. జూన్ 21 చుట్టూ మధ్యాహ్నం మీటరు పైపు నీడ దక్షిణానికి 15 సెంటీమీటర్లు పడుతుంది. డిసెంబరులో అదే ఉత్తరానికి దాదాపు 80 సెంటీమీటర్లు. జనవరి మధ్యలో సాయంత్రం నాలుగున్నరకి సూర్యుడు సుమారు 19 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మీటరు పైపుకి మూడు మీటర్ల నీడ వస్తుంది. నడినెత్తి ఎండలో యంత్రం పక్కలు చీకటిగా, మూత పైన తెల్లగా మాడిపోయినట్టు వస్తుంది, ఎంత బాగా చేసినా అందం రాదు. నేనైతే ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్యగానీ, సాయంత్రం నాలుగు దాటాకగానీ తీస్తాను.

నీడ అంచు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఎండ ఫోటోలో మబ్బు నీడ వేశావు. సూర్యబింబం మనకి అర డిగ్రీ వెడల్పు కనిపిస్తుంది. దాని లెక్కన వస్తువుకి నీడకి మధ్య మీటరు దూరం ఉంటే, నీడ అంచు దాదాపు ఒక సెంటీమీటరు మాత్రమే పలచబడుతుంది. మోటారు మూత నీటికి 65 సెంటీమీటర్లే ఉంది కాబట్టి, సూర్యుడు మరీ కిందికి వాలితే తప్ప దాని నీడ అంచు గీత గీసినట్టే ఉంటుంది. బ్లెండర్ సన్ లైట్‌కి యాంగిల్ అర డిగ్రీ పెడితే అదే వచ్చేస్తుంది. చేత్తో బ్రష్ వేసిన మెత్తటి నీడని తీసెయ్.

ఇప్పుడు అసలు పని. ఏరేటర్‌ని ఇంకా లోపలికి తేవొద్దు. బ్లెండర్‌లో ముందు ఆ పైపుని మోడల్ చెయ్యి. మీటరు పొడవు, 110 మిల్లీమీటర్ల సిలిండర్, రెండు నిమిషాల పని. ఫోటోలో నిజం పైపు పక్కనే దీన్ని నిలబెట్టి రెండర్ చెయ్యి. స్టీలు గుండు ఎక్స్‌పోజర్లని ఫోటోషాప్‌లో హెచ్‌డీఆర్‌గా, అంటే చీకటీ వెలుగూ రెండూ పోకుండా ఉండే ఒకే ఫైలుగా కలిపి, గుండు అంచు దాకా చతురస్రంగా కత్తిరించి, బ్లెండర్‌లో చుట్టూ ఉండే వెలుగుని సర్దే వరల్డ్ సెట్టింగులో ఎన్విరాన్‌మెంట్ టెక్స్‌చర్‌కి ఇవ్వు. అక్కడ మిర్రర్ బాల్ అనే ఆప్షన్ ఉంది. ఫోన్‌తో తీసిన గుండులో సూర్యుడి అసలు బలం రాదు, తెల్ల చుక్కగా ఆగిపోతుంది. ఆ చుక్కని చెరిపేసి, సూర్యుడికి వేరే సన్ లైట్ పెట్టు. ఇక రెండు పైపుల్నీ పక్కపక్కన చూస్తూ కూర్చో. నీడ పొడవు కలిసిందా, ఎండ వైపు వెలుగు కలిసిందా, నీడ వైపు రంగు కలిసిందా, కలిసేదాకా సన్ బలం, ఆకాశం బలం మారుస్తూ పో. ఏది నిజం పైపో నీకే తెలియని స్థితి వచ్చాక, రెండర్ పైపుని తీసి ఏరేటర్‌ని పెట్టు. అప్పుడు లైటింగ్ గురించి ఆలోచించాల్సిన పని ఉండదు. గంటన్నర పట్టొచ్చు, కానీ నాకు తెలిసిన అన్ని చిట్కాల్లోకీ ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

గుండు ఫోటో బదులు పెట్టడానికి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఆకాశపు హెచ్‌డీఆర్ ఫోటోలు మంచివే, నేనూ వాడతాను. కానీ ఎక్కడో చలిదేశం మైదానంలో తీసిన ఆకాశం కింద గడ్డి ఉంటుంది. మన చెరువులో కింద నుంచి వచ్చే వెలుగు ఆకుపచ్చ నీటిది, ఎర్రమట్టో ఇసుకో ఉన్న గట్టుది. తెల్ల చక్రాల అడుగు భాగంలో ఆ రంగు లేకపోతే కన్ను పట్టేస్తుంది.

నీళ్ళ దగ్గర కాస్త నిదానంగా వెళదాం, నీ బొమ్మకి ప్రాణం అక్కడే ఉంది. నువ్వు లేయర్‌ని తిరగేసి ప్రతిబింబం అన్నావు. అద్దంలాంటి నీళ్ళయినా ప్రతిబింబం తిరగేసిన ఫోటో కాదు. నీటికి 2.6 మీటర్ల పైన ఉన్న నీ ఫోన్, ప్రతిబింబంలో యంత్రాన్ని నీటికి 2.6 మీటర్ల కింద నుంచి చూస్తుంది. కాబట్టి నీళ్ళలో కనిపించాల్సింది మోటారు అడుగు, ఫ్రేమ్ అడుగు, రెక్కల కింది వైపు. నీ బొమ్మలో మోటారు మూత పైన అంటించిన స్టిక్కర్ కూడా నీళ్ళలో కనిపిస్తోంది. పైకి తిరిగి ఉన్న స్టిక్కర్ నీళ్ళకి కనిపించే దారే లేదు. దీనికి చేత్తో చేసే మార్గం లేదు, బ్లెండర్‌లోనే నీటి ప్లేన్ (చదునైన పలక) పెట్టి దానికి 1.33 ఐఓఆర్ (నీటి వక్రీభవన అంకె) ఇచ్చి రెండర్ తీసుకోవాలి.

ఆ ప్రతిబింబం ఎంత గట్టిగా ఉండాలో చూసే కోణం చెబుతుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తే నీళ్ళు రెండు శాతం వెలుగే తిప్పి పంపుతాయి. గట్టు మీద నిలబడి 20 మీటర్ల దూరం చూస్తే దాదాపు సగం పంపుతాయి. అంటే తెల్ల చక్రం లాంటి వెలుగు భాగాల ప్రతిబింబం వాటికంటే చీకటిగానే ఉంటుంది, మిగతా సగంలో నీటి సొంత రంగు కలుస్తుంది. పైగా వనామి రొయ్యల చెరువు నీళ్ళు తేటగా ఉండవు, నాచుతో ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటాయి. తేట నీళ్ళ మీద నీడ సరిగా కనిపించదు గానీ, ఇలాంటి నీళ్ళ మీద బాగా కనిపిస్తుంది. కాబట్టి ఏరేటర్ కింద ప్రతిబింబమూ ఉంటుంది, ఎండ దిక్కుని బట్టి పక్కకి పడే నీడా ఉంటుంది. రెండూ వేర్వేరు. ఒకటి ఎప్పుడూ నీ వైపుకే సాగుతుంది, ఇంకోటి సూర్యుడికి ఎదురు దిక్కుకి పోతుంది. నువ్వు రెండిటినీ ఒకే చోట కలిపేశావు.

వీటిని ఫోటోలోకి దించడానికి నేను వాడే పద్ధతి 1998లో గ్రాఫిక్స్ పరిశోధకుడు పాల్ డెబెవెక్ చూపించినదే. నీటి ప్లేన్‌ని, దాని మీద చెరువు ఫోటో రంగునే వేసి, ఏరేటర్ ఉండగా ఒకసారి, లేకుండా ఒకసారి రెండర్ చెయ్యి. మొదటి దాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేది ఏరేటర్ వల్ల నీటికి కలిగిన మార్పు మాత్రమే. నీడ ఉన్న చోట వెలుగు తగ్గింది, తెల్ల చక్రం ప్రతిబింబం ఉన్న చోట పెరిగింది. ఆ తేడాని ఫోటోకి కలుపు. ఈఎక్స్‌ఆర్ అనే ఫైలు రకంలో, 32 బిట్‌లో చెయ్యాలి, లేకపోతే ఆ తగ్గిన వెలుగు లెక్కలోకి రాదు. ఇలా చేస్తే ఫోటోలోని నిజం అలలు, నాచు తెట్టు అలాగే ఉండిపోతాయి. రెండర్ చేసిన నీళ్ళు ఎంత బాగున్నా మన చెరువు నీళ్ళలా ఉండవు.

ఏరేటర్ తిరుగుతూ ఉండాలా, ఆగి ఉండాలా అన్నది డీలర్‌ని ముందే అడుగు. తిరుగుతున్న ఏరేటర్ చుట్టూ నీళ్ళు చెదిరి నురగ లేస్తుంది కాబట్టి ప్రతిబింబం ఉండదు. అప్పుడు నీకు కావలసింది చినుకులు, నురగ. వాటిని సిమ్యులేషన్‌లో చేస్తూ వారం పాడుచేసుకోకు. అదే చెరువులో ఇప్పటికే ఒక పాత ఏరేటర్ తిరుగుతూ ఉంటుంది కదా, దాన్నే మంచి ఫ్రేములో పట్టుకో. ఇరవై, ముప్ఫై షాట్లు తియ్యి. తర్వాత రైతుని అడిగి ఐదు నిమిషాలు ఆపించి, ఖాళీ నీళ్ళతో ఒకటి తియ్యి. ఎండ బాగా ఉన్నప్పుడు నాచు వల్ల నీళ్ళలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది, కాసేపు ఆపడానికి ఒప్పుకుంటారు. తెల్లవారుజామున మాత్రం ఆపమని అడగొద్దు, ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉండే వేళ అది. ఇంటికొచ్చాక పాత యంత్రం స్థానంలో నీ రెండర్ పెట్టి, పాత యంత్రం లేపిన చినుకుల్ని పైన మాస్క్‌తో నిలుపు. ఎండ కుదురుతుంది, చినుకుల సైజు కుదురుతుంది, డబ్బా ఎంత మునిగిందో కూడా ఎదురుగానే కనిపిస్తుంది.

చక్రాలకి మోషన్ బ్లర్ ఎక్కువ పెట్టావు. ఎండలో ఫోన్ షట్టర్ సెకనులో వెయ్యో వంతుకి కూడా పోతుంది. చక్రం 65 సెంటీమీటర్లు, నిమిషానికి వంద చుట్లు అనుకుంటే రెక్క కొస ఆ వెయ్యో వంతులో కదిలేది మూడు, నాలుగు మిల్లీమీటర్లే. ఇరవై మీటర్ల నుంచి అది కనిపించదు. చినుకులు గడ్డకట్టినట్టు ఆగి ఉండి, చక్రం మాత్రం ఫ్యానులా మసకబారితే రెండూ రెండు ఫోటోలని తెలిసిపోతుంది. షట్టర్ స్పీడు ఫోటో వివరాల్లోనే ఉంటుంది, చూసి అదే పెట్టు.

ఇంకా తాడు మర్చిపోయావు. ఏరేటర్‌ని కర్రలకో పోల్స్‌కో తాళ్ళతో కడతారు, కరెంటు కేబుల్ గట్టు దాకా వస్తుంది. కట్టకుండా వదిలిన ఏరేటర్‌ని ఏ రైతూ చూసి ఉండడు.

మెరిసే వస్తువుల గురించి ఒక పక్క మాట, ఎందుకంటే నీ ఏరేటర్‌లో స్టీలు షాఫ్ట్ ఉంది, రేపు ఇంకేదైనా వస్తుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీతో డైనింగ్ టేబుల్ చేసి, కస్టమర్ ఇంటి హాలు ఫోటోలో పెట్టాల్సి వచ్చింది. మూడు రోజులు తిప్పలు పడ్డాను. నల్ల పాలిష్ రాయికి సొంత రంగు దాదాపు లేనట్టే. అది చూపించేదంతా ఎదుటి గోడ, కిటికీ, సీలింగ్ ట్యూబులైటు. నేను పెట్టిన స్టూడియో లైట్లు టేబుల్ మీద రెండు తెల్ల పలకల్లా మెరుస్తుంటే, ఆ హాలులో అలాంటి లైట్లే లేవు. మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళి టేబుల్ రావాల్సిన చోట, టేబుల్ ఎత్తున స్టూలు వేసి, దాని మీద స్టీలు గుండు పెట్టి ఫోటోలు తీసుకున్నాను. ఆ గుండులో కనిపించిన కిటికీ గ్రిల్లు రాయి మీదికి వచ్చాక గానీ టేబుల్ ఆ ఇంటిది కాలేదు. రాయిలో బంగారు చుక్కలు కూడా మామూలు రంగు మ్యాపుతో రావు. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు, తల కదిపితే కొన్ని వెలుగుతాయి, కొన్ని ఆరిపోతాయి. చుక్కలకి వేరే మ్యాప్ చేసి, ఒక్కో చుక్క ఉపరితలం ఒక్కో కోణంలో వంగేలా నార్మల్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిశ) ఇవ్వాలి. సైజు తప్పితే మరీ అన్యాయం, పలక కాస్తా చేతిలో పట్టే శాంపిల్ ముక్కలా కనిపిస్తుంది.

రంగుల సంగతి త్వరగా చెబుతాను. తెల్ల ప్లాస్టిక్‌కి బేస్ కలర్ 0.8 దాటనీయకు, నల్ల డబ్బాకి సున్నా పెట్టకు. బ్లెండర్ 4.0 నుంచి ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (రెండర్ వెలుగుని తెర మీది రంగులుగా మార్చే సెట్టింగు) మామూలుగా ఆన్‌లో ఉంటుంది. ఫోన్ ఫోటో ఇప్పటికే ఫోన్‌లో వండి వచ్చింది, దాన్ని మళ్ళీ ఏజీఎక్స్‌లో నుంచి పంపితే వెలిసిపోతుంది.  ఫోటో ఉన్న చోట స్టాండర్డ్ పెట్టు. ఫోటోషాప్‌లోకి వచ్చాక ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్ళని ఒక్కొక్కటిగా నలుపు తెలుపులో చూడు. మూడు ఛానెళ్ళలోనూ ఏరేటర్‌లోని అతి చీకటి భాగం, పక్కనున్న నిజం వస్తువు అతి చీకటి భాగంతో కలవాలి. సముద్రం దగ్గర గాలిలో తేమ వల్ల దూరంగా ఉన్న నలుపు నిజం నలుపు కాదు, కొంచెం నీలంగా లేస్తుంది. సాధారణంగా తేడా నీలం ఛానెల్‌లో దొరుకుతుంది, కర్వ్స్‌లో కింది చుక్కని కాస్త లేపితే సర్దుకుంటుంది.

ఆఖరికి రెండర్ మరీ శుభ్రంగా ఉంటుంది. ఫోన్ ఫోటోని రెండు వందల శాతానికి పెంచి చూస్తే గట్టు మీద గడ్డి ఎంత మసకగా ఉందో తెలుస్తుంది. అదే దూరంలో ఉన్న ఏరేటర్ అంతకంటే పదునుగా ఉండకూడదు. అర పిక్సెల్ బ్లర్, పైన ఫోటోలో ఉన్నంత గ్రెయిన్, అంతే. అంచుల్లో సన్నటి నల్ల గీత కనిపిస్తే అది ఆల్ఫా (పారదర్శకత) తేడా, లేయర్ మెనూలో మ్యాటింగ్ కింద రిమూవ్ బ్లాక్ మ్యాట్ వాడు.

ఏఐ గురించి అడిగావు. గట్టు మీద చెత్త తీసేయడానికి, ఫ్లెక్సీ కోసం ఆకాశాన్ని పక్కలకి పెంచడానికి నేనూ వాడతాను. యంత్రాన్ని మాత్రం దానికి అప్పగించను. వెలుగు సర్దమంటే చక్రానికి ఉన్న రెక్కల లెక్క మార్చేస్తుంది, లేబుల్ మీద అక్షరాలు కరిగిపోతాయి. రైతు ఈ బొమ్మ చూసి డబ్బు కట్టి వస్తువు కొంటాడు. చక్రం సైజు, డబ్బాల లెక్క, ఫ్రేమ్ మందం షాపులో ఉన్న వస్తువుతో కలవాలి. అది మన బాధ్యత, డీలర్ వద్దన్నా సరే.

డీలర్ ఎప్పటికి కావాలన్నాడో రాయలేదు. రెండు రోజులు టైం ఉంటే ఒక సాయంత్రం చెరువుకి, మర్నాడు పొద్దున పైపు కలపడానికి, మధ్యాహ్నం నీళ్ళకి సరిపోతుంది. ఒక్క రోజే ఉంటే తిరిగే ఏరేటర్ వద్దని చెప్పి, ఆగి ఉన్నదే చెయ్యి. పైపు ఉన్న ఫోటో, పైపు లేని ఫోటో, నీటి నుంచి లెన్స్ ఎత్తు, ఈ మూడూ నాకు పంపు. కెమెరా సరిగ్గా కూర్చుందో లేదో చూసి చెబుతాను, ఆ తర్వాతే ఏరేటర్ లోపలికి తెద్దువు గాని.